వల్కన్ హోటల్: పేట పోయాక మిగిలిన పబ్

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, అదీ ఈ వానలో, చిన్నపిల్లల్ని ఎత్తుకుని మరీ ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషం. ఈ వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో తెలుగువాళ్ళందరం కలిసిన చోట పబ్ గురించి మాట్లాడటమేంటని వెనక కూర్చున్న పెద్దవాళ్ళకు అనిపిస్తుందేమో. ఒక పావుగంట ఓపిక పట్టండి, ఇది పబ్‌తో మొదలై ఒక పేట దగ్గరికి, ఆ పేటలో మనుషుల దగ్గరికి వెళ్ళే కథ.

ఆడమ్ స్ట్రీట్ ఎక్కడుందో ఇక్కడున్న స్టూడెంట్స్‌కి నేను చెప్పక్కర్లేదు. యూనివర్సిటీ ఆఫ్ సౌత్ వేల్స్ వాళ్ళ కార్డిఫ్ క్యాంపస్ ఆ రోడ్డు మీదే ఉంది, మీలో కొంతమంది రోజూ అటు నడిచి వెళ్ళేవాళ్ళే. సరిగ్గా అక్కడే, ఆ క్యాంపస్ పక్కనే, 2012 దాకా ఒక చిన్న పబ్ ఉండేది. పేరు వల్కన్ హోటల్. పేరులో హోటల్ అని ఉన్నా పబ్బే. కింది అంతస్తు గోడకంతా ఆకుపచ్చ, గోధుమ రంగు మెరుపు పలకలు, పైన ఇటుక గోడ, లోపల నేల మీద రంపపు పొట్టు. చుట్టూ ఖాళీ జాగాలు, కార్ పార్కింగులు, కొత్త పెద్ద బిల్డింగులు. వాటి మధ్య అదొక్కటే, ఎవరో తీసుకెళ్ళడం మర్చిపోయినట్టు నిలబడి ఉండేది. విక్టోరియా రాణి కాలం నాటి పబ్ అది. ఇప్పుడు అక్కడ లేదు.

అది ఎందుకు పుట్టిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1801 జనాభా లెక్కల్లో కార్డిఫ్ జనం రెండు వేలు కూడా లేరు. అప్పటికి ఇది ఒక పల్లెటూరు కంటే కాస్త పెద్దది, అంతే. 1851 నాటికి పద్దెనిమిది వేలు దాటారు. 1901కి లక్షా అరవై నాలుగు వేలు. ఇంత పెరుగుదలకూ కారణం బొగ్గు. ఉత్తరాన లోయల్లో తవ్విన బొగ్గు, దాన్ని కిందికి తెచ్చే టాఫ్ వేల్ రైలు మార్గం, దాన్ని ఓడల్లోకి ఎత్తే రేవు. బ్యూట్ మార్క్విస్ అనే జమీందారు సొంత డబ్బు పెట్టి కట్టించిన వెస్ట్ డాక్ 1839లో తెరిచారు, ఈస్ట్ డాక్ 1855లో మొదలైంది. 1913 నాటికి ఒక్క కార్డిఫ్ రేవు నుంచే ఏడాదికి కోటి టన్నులకు పైగా బొగ్గు ఎగుమతి అయ్యేదంటే ఊహించుకోండి, అంత రేవు తవ్వడానికి, అంత బొగ్గు మొయ్యడానికి ఎన్ని చేతులు కావాలో.

ఆ చేతుల్లో చాలా భాగం ఐర్లండ్ నుంచి వచ్చినవి. 1845లో అక్కడ బంగాళాదుంప పంటకు తెగులు పట్టింది. పేదవాళ్ళు బతికేదే ఆ దుంప మీద. తర్వాతి కొన్నేళ్ళలో సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకు మించిన సంఖ్యలో దేశం వదిలి పోయారు. అమెరికా దాకా టికెట్ కొనగలిగినవాళ్ళు అమెరికా వెళ్ళారు, ఆ డబ్బు కూడా లేనివాళ్ళు ఈ తీరానికి వచ్చారు. ఇక్కడి నుంచి బొగ్గు వేసుకుని ఐర్లండ్‌లో కార్క్ లాంటి రేవులకు వెళ్ళిన ఓడలు తిరిగి వచ్చేటప్పుడు ఖాళీగా రావాలి, ఖాళీ ఓడ నిలకడగా ఉండదు, అడుగున బరువు కావాలి. రాళ్ళకు బదులు మనుషుల్ని ఎక్కించుకుని వచ్చేవారు. ఈ మాట మొదటిసారి చదివినప్పుడు నాకు చాలాసేపు ఏమీ తోచలేదు.

ఇక్కడ మనకు సంబంధించిన సంగతి ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. ఆ కరువులో లండన్ ట్రెజరీ తరఫున సహాయం వ్యవహారాలన్నీ చూసిన అధికారి చార్లెస్ ట్రెవెల్యన్. ధాన్యం వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదు, సహాయం వీలైనంత తక్కువగా ఉండాలి అని గట్టిగా నమ్మిన మనిషి. అదే ట్రెవెల్యన్ 1859లో మద్రాసు గవర్నర్‌గా వచ్చాడు. అంటే గుంటూరు, గోదావరి, కడప, బళ్ళారి అన్నీ ఏడాదికి పైగా ఆయన కిందే ఉన్నాయి. ఆ తర్వాత 1876లో ధాత కరువు వచ్చినప్పుడు మన రాయలసీమలో సహాయం విషయంలో ఏం జరిగిందో మీకు తెలుసు, మనుషులు మారినా ఆలోచన అదే. కాబట్టి ఓడ అడుగున పడుకుని వచ్చిన ఆ ఐరిష్ జనం మనకు పూర్తిగా పరాయివాళ్ళని నేను అనుకోను.

సరే. అలా వచ్చినవాళ్ళ కోసం రేవుకు దగ్గరగా, రైలు పట్టాలకు ఆనుకుని, బ్యూట్ వాళ్ళ భూమి మీద ఒక పేట లేచింది. దాని పేరు న్యూటౌన్. ఊళ్ళోవాళ్ళు లిటిల్ ఐర్లండ్ అనేవారు. ఎంత పేట అనుకుంటున్నారు? ఆరు వీధులు. ఎలెన్ స్ట్రీట్, రోజ్‌మేరీ స్ట్రీట్, పెండోయ్లన్ స్ట్రీట్ ఇలా. సుమారు రెండు వందల ఇళ్ళు, ఒకదానికొకటి అంటుకుని, చాలా ఇళ్ళలో ఒక కుటుంబం కాదు, రెండు మూడు. సొంత చర్చి, సొంత బడి, కొట్లు, పబ్బులు. ఏటా కార్పస్ క్రిస్టీ అనే కాథలిక్ పండగకి పిల్లలందరికీ తెల్లబట్టలు వేసి ఊరేగింపుగా తీసుకెళ్ళేవారు, గుమ్మాలన్నీ అలంకరించేవారు. బయటివాళ్ళకు అది మురికివాడ. లోపలివాళ్ళు మాత్రం తలుపుకు తాళం పెట్టేవాళ్ళం కాదని తర్వాత ఎన్నో ఏళ్ళు చెప్పుకున్నారు.

ఈ పేట అంచున, రైలు పట్టాలకు అవతలి పక్క ఆడమ్ స్ట్రీట్ మీద, 1853లో వల్కన్ మొదలైంది. 1830లో వచ్చిన ఒక చట్టం ప్రకారం రెండు గినీలు, అంటే రెండు పౌండ్ల చిల్లర, కట్టి లైసెన్స్ తీసుకుంటే ఎవరైనా బీరు అమ్ముకోవచ్చు, అందుకే ఆ రోజుల్లో ఇలాంటి చిన్న చిన్న బీరు ఇళ్ళు వీధికొకటి లేచాయి. పైన యజమాని కుటుంబం ఉండేది, కింద వ్యాపారం. వచ్చేది రేవు కూలీలు, రైల్వేవాళ్ళు, తర్వాత 1891లో ఈస్ట్ మూర్స్‌లో స్టీల్ వర్క్స్ తెరిచాక అక్కడి కొలిమి పనివాళ్ళు. పన్నెండు గంటలు బొగ్గు దుమ్ములో, మంట దగ్గర పని చేసి వచ్చిన మనిషికి దాహం ఎలా ఉంటుందో ఆలోచించండి. పైగా వాళ్ళ ఇల్లు ఒక గది. అందులో భార్య, పిల్లలు, ఒక్కోసారి అద్దెకు ఉన్నవాడు కూడా. చలికాలం సాయంత్రం వెచ్చగా కూర్చోవడానికి వేరే చోటు లేదు. రేపు ఏ ఓడ వస్తోంది, ఎవరికి మనుషులు కావాలి, ఊరి నుంచి ఎవరు దిగారు, ఎవరింట్లో చావు, ఎవరికి చందా వెయ్యాలి, అన్నీ అక్కడే తేలేవి. మన ఊళ్ళో రచ్చబండకు కప్పు వేసి, కింద నిప్పు రాజేసి, చేతికి గ్లాసు ఇస్తే ఎలా ఉంటుందో అలా అన్నమాట.

అక్కా, మీరు తల ఊపుతున్నారు గానీ మీ మనసులో ప్రశ్న నాకు అర్థమైంది. జీతం అంతా అక్కడే పోయేది కదా అని. నిజమే, పోయేది. ఆ సంగతి దాచి పెట్టి పబ్‌ని పొగడటం తప్పు. కూలి డబ్బులు పబ్‌లోనే లెక్కపెట్టి ఇచ్చే అలవాటు ఎంత ముదిరిందంటే, 1883లో పార్లమెంట్ దాన్ని నిషేధిస్తూ ప్రత్యేకంగా చట్టం చెయ్యాల్సి వచ్చింది. వేల్స్‌లో అయితే ఇంకో అడుగు ముందుకేశారు. ఇక్కడ చాపెల్ వాళ్ళ, అంటే ఇంగ్లండ్ చర్చి నుంచి విడిపోయిన ప్రొటెస్టంట్ శాఖలవాళ్ళ, పట్టు గట్టిది, మద్యపానానికి వ్యతిరేకంగా పెద్ద ఉద్యమం నడిచింది. 1881లో వేల్స్ మొత్తానికీ ఆదివారం పబ్బులు మూసెయ్యాలని చట్టం తెచ్చారు. ఇంగ్లండ్‌కు లేకుండా ఒక్క వేల్స్‌కే వర్తించేలా ఆధునిక కాలంలో చేసిన మొదటి చట్టం అదేనని చరిత్రకారులు చెబుతారు. ఆ నిషేధం కార్డిఫ్‌లో 1961లో ఓటింగ్ పెట్టేదాకా నడిచింది! ఆదివారం ఒక్కరోజే సెలవు ఉన్న కూలివాడికి అదే రోజు తలుపు మూశారు, దాంతో దొంగచాటు సారా ఇళ్ళు పుట్టుకొచ్చాయి. నిషేధాల కథ మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు, ఆంధ్రప్రదేశ్‌లో 1990ల్లో చూశాం.

వల్కన్‌ని రెండుసార్లు బాగా మార్చి కట్టారు, 1901లో ఒకసారి, 1914లో ఒకసారి. మనకు ఫొటోల్లో కనిపించే ఆ పలకల ముఖం ఆ మార్పుల్లో వచ్చిందే. అప్పుడు పబ్బులన్నీ ఈ పలకలు వేయించుకునేవి. చూడ్డానికి బాగుంటుందని ఒకటి, రెండోది ఈ ఊరి గాల్లో బొగ్గు మసి, గోడ కడిగితే పోవాలి. లోపల వేరువేరు గదులు. పనిబట్టలతో వచ్చేవాళ్ళకు ముందు బార్, నేల మీద పొట్టు ఎందుకంటే ఒలికిన బీరు, ఉమ్ము, బూట్ల బురద అన్నీ పీల్చుకుంటుంది, సాయంత్రం ఊడ్చి పారేస్తారు. కాస్త మర్యాదగా కూర్చోవాలనుకునేవాళ్ళకు స్మోక్ రూమ్. ఎవరు ఏ గదిలో కూర్చోవాలన్నది ఎక్కడా రాసి ఉండదు, కానీ అందరికీ తెలుసు.

ఆ మార్పులు పూర్తయ్యేసరికి మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆయుధాల ఫ్యాక్టరీల్లో పని దెబ్బతింటోందని 1915లో ప్రభుత్వం మద్యం మీద ఒక బోర్డు వేసింది. పబ్ తెరిచే గంటలు కోసేసింది. ఇంకా వింత ఏంటంటే, బోర్డు పరిధిలోకి వచ్చిన ప్రాంతాల్లో ఒకరు ఇంకొకరికి గ్లాసు కొనిపెట్టడం కూడా నేరం చేశారు. యుద్ధానికి వెళ్తున్న స్నేహితుడికి ఒక గ్లాసు ఇప్పించినా ఫైన్. స్నేహం అంటేనే వంతులవారీగా కొనిపెట్టడం అనుకునే మనుషులకు ఎంత కష్టంగా ఉండి ఉంటుందో. ఈ 1915 గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

న్యూటౌన్ నుంచి వచ్చిన ఒక మనిషి గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. జిమ్ డ్రిస్కల్, బాక్సర్. 1880లో ఎలెన్ స్ట్రీట్‌లో పుట్టాడు, ఐరిష్ తల్లిదండ్రులు, చిన్నప్పుడే తండ్రి పోయాడు, కటిక పేదరికం. ఫెదర్‌వెయిట్ అనే తక్కువ బరువు విభాగంలో బ్రిటన్ చాంపియన్ అయ్యాడు. 1909 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ప్రపంచ చాంపియన్ ఏబ్ అటెల్‌తో తలపడ్డాడు. పది రౌండ్లు డ్రిస్కల్‌దే పైచేయి అని పత్రికలన్నీ రాశాయి, కానీ అక్కడి నిబంధన ప్రకారం నాకౌట్ చేస్తే తప్ప టైటిల్ మారదు. మళ్ళీ పోటీ పెట్టుకుందాం, ఆగు అన్నారు. ఆగితే ప్రపంచ చాంపియన్ అయ్యే అవకాశం, బోలెడు డబ్బు. ఈయన మర్నాడే ఓడెక్కేశాడు. ఎందుకు? కార్డిఫ్‌లో నజరెత్ హౌస్ అనే అనాథాశ్రమం కోసం ఏటా జరిగే ప్రదర్శనకు వస్తానని మాట ఇచ్చాడు. ఆ మాట కోసం వచ్చేశాడు, ప్రపంచ టైటిల్ ఆయనకు ఇక ఎప్పటికీ దక్కలేదు. 1925లో నలభై నాలుగేళ్ళకే పోయాడు. ఆయన అంతిమయాత్రకు ఈ వీధుల్లో లక్ష మందికి పైగా నిలబడ్డారు. ఆరు వీధుల పేటలో పుట్టిన మనిషి కోసం. మురికివాడ అన్నారే, ఆ మురికివాడ ఇలాంటి మనుషుల్ని కన్నది.

ఇక కూల్చివేత. నేను ఈ రోజు చెప్పాలని వచ్చింది అసలు ఇదే. వల్కన్ మూతపడటానికి దాదాపు యాభై ఏళ్ళ ముందే, 1960ల రెండో సగంలో, న్యూటౌన్ మొత్తాన్ని కార్పొరేషన్ నేలమట్టం చేసింది. ఇళ్ళు బాగోలేవు, ఆరోగ్యానికి మంచిది కాదు అన్నారు. ఇళ్ళలో సమస్యలు ఉన్నమాట నిజమే, నేను కాదనను. బాత్రూమ్ కావాలని ఆ ఇళ్ళలో ఆడవాళ్ళే అడిగారు. కానీ వాళ్ళకు కొత్త ఇళ్ళు ఇచ్చేటప్పుడు పక్కింటివాళ్ళను పక్కింట్లో పెట్టలేదు. ఒకరిని ఒక చివర, ఇంకొకరిని మరో చివర. నూట ఇరవై ఏళ్ళుగా కలిసి పెరిగిన పేట ఊరంతా చెదిరిపోయింది. చర్చి కూడా పోయింది. ఎలెన్ స్ట్రీట్ లేదు, డ్రిస్కల్ పుట్టిన ఇల్లు లేదు. ఆ జాగాలో తర్వాత షెడ్లు, ఆఫీసులు లేచాయి. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో ఊళ్ళు పోగొట్టుకున్న కుటుంబాలవాళ్ళు ఈ గదిలో ఉన్నారు, చెదిరిపోవడం అంటే ఏంటో మీరు నాకంటే బాగా చెప్పగలరు.

అలా పేటంతా పోయాక ఆడమ్ స్ట్రీట్ మీద వల్కన్ ఒంటరిగా మిగిలింది. దాని చుట్టుపక్కల ఇళ్ళు కూడా పోయాయి. అయినా నడిచింది. పాత న్యూటౌన్ వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో బస్సెక్కి వచ్చేవాళ్ళు, స్టూడెంట్స్ వచ్చేవాళ్ళు, సంగీతం వాళ్ళు వచ్చేవాళ్ళు. ఊరి బీరు కంపెనీ బ్రెయిన్స్ వాళ్ళ బీరే అమ్మేది. 2008, 2009 ప్రాంతంలో సెంటర్‌లో భూమి ధరలు పెరిగి, పబ్ ఉన్న స్థలాన్ని డెవలప్‌మెంట్‌కి ఇచ్చేస్తారని తెలిసింది. వేలమంది సంతకాలు పెట్టారు, రాజకీయ నాయకులు, పాటగాళ్ళు అందరూ కలిసి అడిగారు. మూడేళ్ళ గడువు దొరికింది, అంతే.

దాన్ని రక్షిత కట్టడంగా గుర్తించమని కూడా అడిగారు, కుదరలేదు. ఇక్కడ నా కోపం ఒకటుంది, చెప్పేస్తాను. ఈ గుర్తింపు ఇచ్చేటప్పుడు ప్రధానంగా చూసేది కట్టడం ఎంత అసలుగా మిగిలింది, నిర్మాణంలో గొప్పతనం ఏంటి అని. పేదవాళ్ళ పబ్ అసలుగా ఎలా మిగులుతుంది? అది వాడకంలో ఉన్న చోటు, బార్ అరిగితే మార్చారు, గోడ పడితే కట్టారు. పెద్దింటి వాళ్ళ కోట మారకుండా ఉంటుంది, ఎందుకంటే అది ఖాళీగా ఉంటుంది. ఈ కొలతతో కొలిస్తే కూలివాళ్ళ చరిత్ర ఎప్పుడూ తక్కువ మార్కులతోనే మిగులుతుంది. ఒక పేటకు చివరి ఆనవాలు అన్నదానికి కూడా మార్కులు ఉండాలని నా గట్టి అభిప్రాయం.

2012 మేలో వల్కన్ మూతపడింది. కూల్చి పారెయ్యకుండా స్థలం యజమానులు కట్టడాన్ని సెయింట్ ఫేగన్స్ మ్యూజియంకి ఇచ్చారు. మీలో చాలామంది పిల్లల్ని తీసుకుని వెళ్ళే ఉంటారు, ఊరికి పడమర నాలుగైదు మైళ్ళు. 1948లో మొదలైన మ్యూజియం అది, స్వీడన్‌లో స్కాన్సెన్ అనే ఆరుబయలు మ్యూజియం చూసి స్ఫూర్తి పొంది పెట్టారు. వేల్స్ నలుమూలల నుంచి నలభైకి పైగా కట్టడాలు విప్పి తెచ్చి అక్కడ మళ్ళీ నిలబెట్టారు. రైతు ఇళ్ళు, మర్థర్ టిడ్‌ఫిల్ ఇనుప కార్మికుల వరస ఇళ్ళు, కిరాణా కొట్టు, పాత చర్చి. వల్కన్ వచ్చేదాకా పబ్ మాత్రం ఒక్కటి కూడా లేదు. అర్ధ శతాబ్దం దాటినా వేల్స్ జనజీవితం చూపించే మ్యూజియంలో పబ్ లేదంటే, ఆ చాపెల్ పట్టు ఎంత గట్టిదో నాకు అందులో కనిపిస్తుంది.

వల్కన్‌ని అలాగే విప్పారు. ముందు ప్రతి గోడా కొలిచి, ఫొటోలు తీసి, ముక్కలకు గుర్తులు వేసి, తర్వాత పలకలు, ఇటుకలు, పొయ్యిలు, కలప విడివిడిగా తీసి దాచారు. మనవాళ్ళకు ఈ పని కొత్త కాదు. నాగార్జునకొండ కట్టడాలు నీళ్ళలో మునిగే ముందు పైకి తెచ్చారు, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురంలో కట్టారు. అయితే ఇటుక గోడ విప్పడం రాతి గుడి విప్పడం కంటే ఒక రకంగా కష్టం, పట్టి తీస్తే పలక పగులుతుంది, సున్నం ఊడితే ఇటుక చిట్లుతుంది. పన్నెండేళ్ళు పట్టింది. 2024 మే 11న మళ్ళీ తలుపు తీశారు, 1915లో ఎలా ఉండేదో అలా. అప్పటి గదులు, అప్పటి పొట్టు నేల. నిజంగానే బీరు అమ్ముతారు, మీరు గ్లాసు పట్టుకుని కూర్చోవచ్చు.

తమ్ముడు ఇందాకట్నుంచి చెయ్యెత్తుతున్నాడు. చెప్పు నాన్నా... ఆఁ, మంచి ప్రశ్న. వేరే చోట కట్టినదాన్ని అదే పబ్ అనొచ్చా అంటున్నాడు. లండన్‌లో కార్ల్టన్ టావెర్న్ అని 1920, 21ల్లో కట్టిన పబ్ ఒకటుంది. 2015 ఏప్రిల్‌లో అనుమతి లేకుండా డెవలపర్ దాన్ని కూల్చేస్తే, ఉన్న చోటే ఉన్నట్టే మళ్ళీ కట్టమని కౌన్సిల్ ఆదేశించింది, 2021లో తెరుచుకుంది. చుట్టుపక్కలవాళ్ళకు అనుమానం వచ్చి కూల్చకముందే వివరంగా రికార్డు చేయించి పెట్టుకోవడం వల్లే అది సాధ్యమైంది. అక్కడ ఇటుకలు చాలావరకు కొత్తవి, చోటు పాతది, వచ్చే జనం ఆ చుట్టుపక్కలవాళ్ళే. ఇక్కడ పలకలు, ఇటుకలు పాతవి, చోటు కొత్తది, వచ్చేది సందర్శకులు. నన్ను అడిగితే కార్ల్టన్ పద్ధతే మేలు. పబ్ అంటే దాని పక్కన బతికేవాళ్ళది. కానీ వల్కన్‌కి ఆ పక్కన బతికేవాళ్ళు 1960ల్లోనే పోయారు కదా, తిరిగి రమ్మన్నా రావడానికి ఇల్లు లేదు. అందుకే మ్యూజియం చేసినదాన్ని నేను తప్పుపట్టను. వాళ్ళు కాకపోతే పలకలు చెత్తబండిలోకి వెళ్ళేవి. నా బాధల్లా 1966లో న్యూటౌన్‌లో ఒక్క ఇంటినైనా ఇంత శ్రద్ధగా కొలిచి ఉంటే బాగుండేదని. ఎలెన్ స్ట్రీట్‌లో ఒక గది ఇల్లు ఈ రోజు వల్కన్ పక్కన నిలబడి ఉంటే, ఆ మనిషి సాయంత్రం పబ్‌కి ఎందుకు వచ్చేవాడో నేను ఇంత సేపు చెప్పక్కర్లేదు, రెండు అడుగుల్లో పిల్లలకే తెలిసేది.

వెళ్ళి చూడాలనుకునేవాళ్ళకు రెండు మాటలు. మ్యూజియం ప్రవేశం ఉచితం, కారు పార్కింగ్‌కి మాత్రం డబ్బు కట్టాలి. వెళ్ళే ముందో వచ్చాకో, టిండాల్ స్ట్రీట్‌లో న్యూటౌన్ పేరుతో చిన్న స్మారక తోట ఒకటి ఉంది, అక్కడా ఆగండి, అది ఆ పేటవాళ్ళు, వాళ్ళ పిల్లలు పట్టుబట్టి సాధించుకున్నది. డ్రిస్కల్ విగ్రహం కూడా సెంటర్‌కి దగ్గర్లోనే ఉంది, నడిచి వెళ్ళొచ్చు. భోజనాలు పెట్టేలోపు ఇంకా ఏమైనా అడగాలంటే అడగండి.